బ్యాటరీ మార్చాక కార్ రేడియో కోడ్ అడుగుతోందా? రీసెట్, అన్‌లాక్ ఎలా చేయాలో తెలుసుకోండి

కారుకి కొత్త బ్యాటరీ వేయించారు. సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ స్టార్ట్ అయింది. కానీ రేడియో ఆన్ చేస్తే పాటలు రాలేదు, స్క్రీన్ మీద మాత్రం కోడ్ ఎంటర్ చేయమని వచ్చింది. సెట్ పాడైందని కంగారు పడకండి. అది దొంగతనం జరగకుండా కంపెనీ పెట్టిన లాక్. తెలియక ఏవో నంబర్లు కొడుతూ పోతేనే అసలు ఇబ్బంది మొదలవుతుంది.

ఈ లాక్ ఎందుకు పడుతుంది?

కార్ రేడియోకి రెండు పవర్ వైర్లు ఉంటాయి. ఒకటి కీ తిప్పినప్పుడు మాత్రమే కరెంట్ ఇస్తుంది. రెండోది బ్యాటరీ నుంచి ఎప్పుడూ 12 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. విడిగా కొనే స్టీరియోల్లో సాధారణంగా మొదటిది ఎరుపు, రెండోది పసుపు రంగులో ఉంటుంది. ఆ రెండో లైన్ కట్ అయితే, తనని ఎవరో డ్యాష్‌బోర్డ్ నుంచి పీకేశారని కోడ్ లాక్ ఉన్న రేడియో అనుకుంటుంది. బ్యాటరీ మార్చినా, పూర్తిగా డౌన్ అయినా, ఫ్యూజ్ తీసినా దానికి ఒకటే. అన్ని కార్లలో ఈ లాక్ ఉండదు. హోండా, ఫోక్స్‌వ్యాగన్, రెనో, ఫోర్డ్ కంపెనీల చాలా మోడళ్లలో మాత్రం ఉంది.

రీసెట్ వేరు, అన్‌లాక్ వేరు

చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. టచ్‌స్క్రీన్ హ్యాంగ్ అయితే చేసేది రీస్టార్ట్. చాలా మోడళ్లలో పవర్ బటన్‌ని కాసేపు నొక్కి పట్టుకుంటే సరిపోతుంది, మీ డేటా అలాగే ఉంటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చేసే ఫ్యాక్టరీ రీసెట్ జత చేసిన ఫోన్లు, కాంటాక్టులు, సేవ్ చేసిన స్టేషన్లు అన్నీ తుడిచేస్తుంది. కారు అమ్మే ముందు ఇది తప్పకుండా చేయండి, లేదంటే మీ ఫోన్‌బుక్ కొత్త ఓనర్ చేతికి వెళ్లొచ్చు. అయితే ఈ రెండూ సాధారణంగా యాంటీ థెఫ్ట్ లాక్‌ని తీయవు. దానికి చాలా సెట్లలో కోడ్ కావాల్సిందే.

హోండాలో కోడ్ సంపాదించడం ఎలా?

ముందు కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్, దాని కవర్‌లో ఉండే చిన్న కార్డు, గ్లోవ్ బాక్స్ లోపల స్టిక్కర్ చూడండి. కొన్ని హోండా మోడళ్లలో పవర్ బటన్‌ని 2 సెకన్ల కంటే ఎక్కువ నొక్కి పట్టుకుంటే, రేడియో తన పాత కారుని గుర్తుపట్టి కోడ్ లేకుండానే తెరుచుకుంటుంది. రెండూ కుదరకపోతే సీరియల్ నంబర్ కావాలి. ప్రీసెట్ బటన్లు ఉన్న చాలా హోండా సెట్లలో ఇలా చేయాలి:

1. కీని యాక్సెసరీ పొజిషన్‌లో పెట్టి, రేడియో ఆఫ్‌లో ఉంచండి.
2. 1, 6 బటన్లు కలిపి నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కండి.
3. స్క్రీన్ మీద యూ అక్షరంతో 4 అంకెలు, ఎల్ అక్షరంతో 4 అంకెలు కనిపిస్తాయి. అక్షరాలు వదిలేసి 8 అంకెలూ రాసుకోండి.
4. ఆ నంబర్‌తో పాటు ఆర్‌సీ, మీ గుర్తింపు కార్డు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి.
5. వాళ్లిచ్చిన కోడ్‌ని అవే ప్రీసెట్ బటన్లతో కొట్టండి.

స్క్రీన్ మీద సీరియల్ చూపించని సెట్లలో అది రేడియో బాడీ మీద స్టిక్కర్‌పై ఉంటుంది. దానికోసం సెట్ బయటికి తీయాలి. అలవాటు లేకపోతే ఆ పని కార్ ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి.

గెస్ చేస్తే ఏమవుతుంది?

ఒక చిన్న లెక్క చూద్దాం. 1 నుంచి 6 వరకు బటన్లతో 5 అంకెల కోడ్ అంటే 7,776 రకాలు వస్తాయి. హోండా మాన్యువల్స్ ప్రకారం 10 సార్లు తప్పు కొడితే, సెట్‌ని గంటసేపు ఆన్‌లోనే ఉంచి మళ్లీ ప్రయత్నించాలి. అంటే అన్నీ కొట్టి చూడాలంటే దాదాపు 32 రోజులు రాత్రీ పగలూ కూర్చోవాలి. సేఫ్ అని చూపించే పాత ఫోక్స్‌వ్యాగన్ సెట్లు ఇంకా గట్టివి. కోడ్ 4 అంకెలే, కానీ 2 తప్పులకే గంట ఆగాలి. 10,000 కోడ్లు పూర్తయ్యేసరికి 200 రోజులు దాటిపోతాయి. ఈ లోపు మీ కొత్త బ్యాటరీ కూడా డౌన్!

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి

కోడ్ కారుది కాదు, ఆ రేడియో సెట్‌ది. పాత ఓనర్ మధ్యలో సెట్ మార్చి ఉంటే, ఛాసిస్ నంబర్‌తో వెతికి ఇచ్చిన కోడ్ పనిచేయకపోవచ్చు. ఇప్పుడు కారులో ఉన్న సెట్ సీరియల్ చూడాలి. అందుకే కారు తీసుకునేటప్పుడు రెండో తాళం అడిగినట్టే రేడియో కోడ్ కార్డు కూడా అడగండి. చవగ్గా వస్తుందని లాక్ పడిన సెట్ విడిగా కొనకండి. అమ్మేవాడి దగ్గర కోడ్ లేదంటే అది ఎవరి కారులోంచి వచ్చిందో అడగాల్సిందే. మీ సీరియల్ నంబర్‌ని కూడా సోషల్ మీడియాలో పెట్టి కోడ్ అడగొద్దు. నంబర్ నుంచి కోడ్ తీయగలిగితే, ఆ తాళం ఇంకొకరి చేతిలో ఉన్నట్టే.

ఇప్పుడు మీ రేడియో బాగానే పనిచేస్తోందా? అయితే ఇదే సరైన టైమ్. కోడ్ కార్డు ఎక్కడుందో చూసి, ఆ నంబర్‌ని ఇంట్లో ఒకచోట రాసిపెట్టుకోండి. కార్డు మాత్రం కారులో ఉంచకండి. సెట్‌తో పాటు కోడ్ కూడా దొంగకి దొరికితే ఈ లాక్ ఉన్నా లేనట్టే.