షార్ట్‌స్టాప్ మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మొన్న అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. బేస్‌బాల్‌లో నీ బ్యాటింగ్ యావరేజ్ .200 దగ్గరే ఆగిపోయిందట. జట్టులో పిల్లలు నిన్ను ‘మెండోజా’ అని ఏడిపిస్తున్నారట. దాంతో పొద్దున పూట గ్రౌండ్ బాల్స్ పట్టే గంట మానేసి, ఆ గంట కూడా బ్యాటింగ్ కేజ్‌లోనే ఉంటున్నావట. బ్యాటింగ్ సాధన వద్దనను. ఆ పొద్దుటి గంట మాత్రం వదులుకోకు. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. తెలుగు కష్టమనిపించిన చోట అమ్మను చదివి చెప్పమను.

ముందు ఆ మెండోజా సంగతి. మారియో మెండోజా మెక్సికో మనిషి. 1974 నుంచి 1982 దాకా పిట్స్‌బర్గ్, సియాటిల్, టెక్సస్ జట్లకు ఆడాడు. మొత్తం మీద యావరేజ్ .215. బ్యాటింగ్ .200కి పడిపోతే ‘మెండోజా లైన్’ అనడం ఆయన పేరు మీదే వచ్చింది. ఏడిపించేవాళ్లకి ఇంతవరకే తెలుసు. 1979లో .198 కొట్టిన మనిషిని సియాటిల్ 148 మ్యాచ్‌లు ఎందుకు ఆడించిందో ఒక్కడూ అడగడు. గ్లవ్ కోసం, అంటే ఫీల్డింగ్ కోసం ఆడించింది. తర్వాత మెక్సికో తన బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకి చోటిచ్చింది. ఆ పేరుతో పిలిస్తే నువ్వు తలదించుకోనక్కర్లేదు.

నేను నిజంగా చెప్పాలనుకున్నది మీ బాల్టిమోర్ షార్ట్‌స్టాప్ మార్క్ బెలాంజర్ గురించి. 1965లో ఓరియోల్స్‌కి వచ్చాడు. లూయిస్ అపరీసియో అంతటివాడు వెళ్లాక 1968లో ఆ చోటు ఆయనకి దక్కింది. ఆ ఏడు .208, తర్వాతి ఏడు .287, ఆపై ఏడు మళ్లీ .218. పద్దెనిమిది సీజన్లలో, రెండు వేలకు పైగా మ్యాచ్‌ల్లో, 20 హోమ్ రన్లు, .228 యావరేజ్. అదే మనిషికి ఫీల్డింగ్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ ఎనిమిదిసార్లు వచ్చింది. మూడో బేస్‌లో బ్రూక్స్ రాబిన్సన్, పక్కన బెలాంజర్. ఆ ఇద్దరి మధ్య నుంచి బంతి దాటించడం అమెరికన్ లీగ్‌లో ఎవరికీ తేలిగ్గా ఉండేది కాదు.

నీకు లెక్కలంటే ఇష్టం కదా, ఇది కూడా వేసి చూడు. 500 సార్లు బ్యాట్ పట్టుకుంటే .228 వాడికి 114 హిట్లు, .260 వాడికి 130. తేడా 16. ఆరునెలల సీజన్‌లో నెలకి మూడు కూడా కాదు. నువ్వొక సింగిల్ కొట్టడమూ, అవతలివాడి సింగిల్‌ని ఆపడమూ దాదాపు ఒకే విలువ. ఇతర షార్ట్‌స్టాప్‌లు వదిలేసే బంతుల్ని నెలకి మూడు ఎక్కువ పట్టగలిగితే చాలు, బాకీ తీరినట్టే. హోమ్ రన్లు కొట్టేవాడితో పోలిస్తే మాత్రం ఈ లెక్క నిలవదు, తేడా చాలా పెద్దది. అందుకే పట్టడం బాగా రావడం సరిపోదు, అసాధారణంగా రావాలి. ఆ పొద్దుటి గంట అందుకోసం.

పట్టడం కూడా సగం పనే. బ్యాటర్ 90 అడుగులు పరిగెత్తి మొదటి బేస్ చేరడానికి నాలుగు సెకన్ల పైచిలుకు పడుతుంది. ఆలోగా బంతి దగ్గరికి చేరాలి, పట్టాలి, గ్లవ్‌లోంచి చేతిలోకి తీసుకోవాలి, విసరాలి. గ్లవ్‌లోంచి చేతిలోకి వచ్చే ఆ క్షణంలోనే ఎక్కువమంది తడబడతారు. మీ కోచ్‌ని అడిగి దానికే విడిగా సాధన పెట్టించుకో. బంతి బ్యాట్‌కి తగలకముందే ఎటు కదలాలో ఊహించడం ఇంకో విద్య. కుడిచేతి బ్యాటర్‌కి నెమ్మది బంతి వేస్తుంటే అది నీ వైపు, మూడో బేస్ వైపు వచ్చే అవకాశం ఎక్కువ. క్యాచర్ సైగ చూడకుండా ఒక్క పిచ్ కూడా పోనివ్వకు.

మీ నాన్నకి హోమ్ రన్ల మీదే మనసు. నేను చెప్తే వినడు గానీ నువ్వు క్రికెటర్ ఏక్‌నాథ్ సోల్కర్ పేరెత్తి చూడు. హెల్మెట్ లేని రోజుల్లో బ్యాటర్ ముక్కు కింద నిలబడి 27 టెస్టుల్లో 53 క్యాచ్‌లు పట్టిన మనిషి. ఇక ఫీల్డింగ్ గొప్పతనం మీ నాన్నే నీకు గంటసేపు చెప్తాడు.

బెలాంజర్ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చేది 1975 సెప్టెంబరు సంగతి. మేనేజర్ ఎర్ల్ వీవర్ బయటి ఊళ్లలో ఆడిన కొన్ని మ్యాచ్‌లకి రాయిల్ స్టిల్‌మన్ అనే కుర్రాణ్ని షార్ట్‌స్టాప్‌గా చూపించి, మొట్టమొదట బ్యాటింగ్‌కి దింపేవాడు. ఆ వంతు అయిపోగానే, ఫీల్డింగ్‌కి వెళ్లే వేళకి, బెలాంజర్‌ని పంపేవాడు. బ్యాట్ మీద ఒక్క వంతు కూడా నమ్మకం లేదు, గ్లవ్ లేకుండా ఒక్క ఇన్నింగ్స్ కూడా గడవదు. అందరి ఎదుటా అలా జరుగుతుంటే ఆ మనిషి వెళ్లి తన చోట నిలబడ్డాడు. ఆ ఏడు కూడా గోల్డ్ గ్లవ్ ఆయనదే. నిన్ను తొమ్మిదో స్థానంలో పంపినా, కీలకమైన వేళ నీ బదులు వేరేవాణ్ని దింపినా ముఖం మాడ్చుకోకు నాన్నా. ఆ నిర్ణయం నీ మీద కోపంతో తీసుకున్నది కాదు.

అలాగని బ్యాట్‌ని గాలికి వదిలెయ్యమనడం లేదు. గట్టిగా కొట్టలేనివాడికి బంట్ రావాలి, చెడ్డ బంతిని వదిలేసి వాక్ తీసుకునే ఓపిక ఉండాలి, బేస్‌ల మీద తెలివిగా పరిగెత్తాలి. 1969 ప్లేఆఫ్స్‌లో మినసోటాతో మొదటి మ్యాచ్ పన్నెండో ఇన్నింగ్స్‌దాకా సాగింది. ఇద్దరు ఔటయ్యాక పాల్ బ్లెయిర్ బంట్ చేస్తే, మూడో బేస్ నుంచి వచ్చి గెలుపు పరుగు చేసింది బెలాంజరే.

ఇకపోతే చదువు. ఇప్పుడు మేజర్ లీగ్ డ్రాఫ్ట్ ఇరవై రౌండ్లే, ఒకప్పుడు నలభై ఉండేవి. స్ట్రైకౌట్లు పెరిగి బంతి ఆటలోకి రావడమే తగ్గింది కాబట్టి, ఒక్క గ్లవ్ మీద బతికే మనిషికి చోటు కూడా తగ్గింది. ఈ మాట నీకు కష్టంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను. కాలేజీలో ఆడు, డిగ్రీ చేతిలో పెట్టుకో. బెలాంజర్ ఆడుతున్న రోజుల్లోనే ఆటగాళ్ల సంఘం పనిలో తలమునకలయ్యాడు. 1981 సమ్మెలో యజమానులతో మాట్లాడిన ఆటగాళ్లలో ఆయనా ఒకడు. ఆట మానేశాక 1998లో పోయేదాకా ఆ సంఘంలోనే పనిచేశాడు. ఆట ఆగాక ఏం చెయ్యాలో వెతుక్కోనక్కర్లేకపోయింది.

రేపటి నుంచి మళ్లీ పొద్దున్నే మైదానానికి వెళ్లు. వేసవి సెలవుల్లో మా ఇంటికి రా, రోజూ బంతులు నేను విసురుతాను. అత్త అప్పుడే నీ గది సర్దుతోంది. ఏ వారం వస్తావో అమ్మతో ఫోన్ చేయించు.

ఇట్లు,
మీ మావయ్య