స్పోర్ట్స్ టూరర్ కొనే ముందు: మూడు కిలోమీటర్ల టెస్ట్ రైడ్ చెప్పని విషయాలు

ఇరవై వేల ఫోన్ కొనాలంటే మనం పది వీడియోలు చూస్తాం, బెంచ్‌మార్క్ స్కోర్లు పోలుస్తాం, స్టోర్‌కి వెళ్లి కెమెరా జూమ్ చేసి చూస్తాం, ఇంటికొచ్చి మళ్లీ రెండు రోజులు ఆలోచిస్తాం. అదే ఎనిమిది లక్షల బైక్‌ని మాత్రం షోరూమ్ చుట్టూ ఒక రౌండ్ వేసి పది నిమిషాల్లో ఓకే చేసేస్తాం. నేనూ అలాగే చేసేవాణ్ణి. బుకింగ్ అమౌంట్ పదివేలు యూపీఐలో టైప్ చేశాను కూడా. పిన్ కొట్టేలోపు సేల్స్ ఎగ్జిక్యూటివ్ మామూలుగా ఒక మాట అడిగాడు: "సార్, వెనక సీటు ఉంచమంటారా, సింగిల్ సీట్ కవర్ వేయించమంటారా?"

అప్పుడు వెలిగింది. నేను బైక్ కొంటున్నదే నెలకోసారి మా తమ్ముణ్ణి ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లడానికి. ఒకవైపే 270 కిలోమీటర్ల పైన. నేను చేసిన టెస్ట్ రైడ్ ఎంతా అంటే మూడు కిలోమీటర్లు, ఒక్కణ్ణే, పొద్దున ఎనిమిదిన్నరకి, ఖాళీ రోడ్డు మీద. ఫోన్ వెనక్కి జేబులో పెట్టేసి, ఇంకోసారి నడుపుతానని చెప్పాను.

ఆ బైక్ 650 సీసీ క్లాస్‌ది. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది దాని రివ్యూ కాదు. రెండో రైడ్‌లో నేను నేర్చుకున్నవి ఈ సెగ్మెంట్‌లో ఏ బైక్ దగ్గరికి వెళ్లినా పనికొస్తాయి.

ముందు డబ్బు సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బైకుల మీద జీఎస్టీ 40 శాతం. 350 లోపు వాటికి 18 శాతమే. అంటే 650 క్లాస్‌కి వెళ్తున్నామంటే ట్యాక్స్‌లోనే పెద్ద మెట్టు ఎక్కుతున్నట్టు. ఆరు లక్షలు లోన్ తీసుకుని, వడ్డీ పదిన్నర శాతం, నాలుగేళ్లు అనుకుంటే ఈఎమ్ఐ నెలకి సుమారు 15,400 వస్తుంది. నాలుగేళ్ల పాటు ప్రతి నెలా కట్టేదాన్ని పది నిమిషాల్లో తేల్చేయడం ఏ లెక్కన చూసినా తప్పే.

స్పెక్ షీట్ ఎక్కడ ఆగిపోతుంది?

స్పోర్ట్స్ టూరర్ అంటే సూపర్‌స్పోర్ట్‌లా పూర్తిగా వంగి కూర్చోబెట్టదు, అలాగని క్రూజర్‌లా వెనక్కి వాలనివ్వదు. ఫెయిరింగ్ ఉంటుంది, చిన్న విండ్‌స్క్రీన్ ఉంటుంది, హ్యాండిల్ కొంచెం ముందుకి ఉంటుంది. కవాసాకి నింజా 650 చూడండి: 649 సీసీ ట్విన్, 68 పీఎస్, 196 కిలోలు, సీటు ఎత్తు 790 మిల్లీమీటర్లు, 15 లీటర్ల ట్యాంక్. కింది బడ్జెట్‌లో హీరో కరిజ్మా ఎక్స్ఎమ్ఆర్ 210 ఉంది: 25.5 పీఎస్, 163.5 కిలోలు, సీటు 810. అంకెలు చూసి "790 తక్కువ కదా, కాళ్లు బాగా ఆనతాయి" అనుకుంటాం. కానీ సీటు ముందు భాగం వెడల్పుగా ఉంటే తొడలు పక్కకి తెరుచుకుని, తక్కువ ఎత్తు సీటు మీద కూడా మునివేళ్లే ఆనతాయి. ఎమ్ఏహెచ్ చూసి ఫోన్ బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో చెప్పలేనట్టే ఇదీ.

దీనికి టెస్ట్ రైడ్ కూడా అక్కర్లేదు. షోరూమ్‌లో డిస్‌ప్లే బైక్ ఎక్కి పావుగంట కూర్చోండి. నిజంగానే పావుగంట, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని. మెడ ఎత్తి రోడ్డు చూస్తున్నట్టు ఎదర గోడ చూడండి. ఎవరూ లెమ్మనరు, మహా అయితే కాఫీ ఇస్తారు. మోకాలు ఎంత మడుస్తున్నాం, మెడ వెనక ఎక్కడ పట్టేస్తోంది అన్నది ఇక్కడే సగం తెలిసిపోతుంది. తర్వాత దిగి, బైక్‌ని వెనక్కి తోయండి. 196 కిలోల బైక్‌ని అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద రివర్స్ తీయడం రోజూ మీరే చేయాలి.

ఎప్పుడు, ఎక్కడ?

శనివారం, ఆదివారం వెళ్లకండి. వెనక క్యూ ఉంటుంది, మీకు ఒక రౌండ్ ఇచ్చి పంపేస్తారు. నేను బుధవారం పన్నెండింటికి స్లాట్ అడిగాను. ఖాళీ టైమ్ కాబట్టి మేనేజర్ నలభై నిమిషాలకి ఒప్పుకున్నాడు. సొంత హెల్మెట్, గ్లవ్స్, జాకెట్, రోజూ ఆఫీసుకి తీసుకెళ్లే ల్యాప్‌టాప్ బ్యాగ్, వెనకాల తమ్ముడు. డెమో బైక్‌కి ఇన్సూరెన్స్ ఉందా, చిన్న గీత పడితే ఎవరు కట్టాలి అన్నది సంతకం పెట్టే ముందే చదవండి. నేను మొదటిసారి చదవకుండానే పెట్టేశాను.

రూట్‌లో మూడు రకాల రోడ్లు ఉండాలి: సిగ్నళ్లు ఎక్కువున్నది ఒకటి, గుంతలున్నది ఒకటి, సాఫీగా పోయేది ఒకటి. హైదరాబాద్‌లో "ఓఆర్ఆర్ మీద లాగి చూద్దాం" అనుకోకండి, అక్కడ మెయిన్ రోడ్డు మీదకి టూ వీలర్లని అనుమతించరు. సర్వీస్ రోడ్డో, ఊరి బయట హైవేనో చూసుకోవాలి.

ఒక చిన్న విషయం. మేం బయల్దేరిన రెండు నిమిషాలకే స్టీరింగ్ బరువుగా, బద్ధకంగా తిరుగుతోంది. బైకే ఇంతేమో అనుకున్నా. అనుమానం వచ్చి పెట్రోల్ బంక్‌లో చెక్ చేయిస్తే ముందు టైర్‌లో గాలి బాగా తక్కువ. నింపాక వేరే బైక్ నడుపుతున్నట్టే ఉంది. కీ తీసుకోగానే టైర్ ప్రెషర్ అడగండి. ఎంతుండాలో బైక్ మీదే స్టిక్కర్ ఉంటుంది.

హైవే వైబ్రేషన్‌ని సిటీలోనే పట్టుకోవచ్చు

ఇది నాకు బాగా నచ్చిన ట్రిక్. ఇంజిన్ వైబ్రేషన్ ప్రధానంగా ఆర్‌పీఎమ్‌ని బట్టి వస్తుంది, బండి స్పీడ్‌ని బట్టి కాదు. ప్రతి ఇంజిన్‌కీ ఏదో ఒక ఆర్‌పీఎమ్ రేంజ్‌లో హ్యాండిల్, ఫుట్‌పెగ్, ట్యాంక్ సన్నగా జివ్వుమంటాయి. ఆ రేంజ్ మీ క్రూజింగ్ స్పీడ్ మీద పడితే గంట తర్వాత వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మీ స్పీడ్‌కి దూరంగా ఉంటే దాని గురించి మర్చిపోవచ్చు.

2018 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లేన్ల హైవే మీద బైక్‌కి గరిష్ఠ పరిమితి గంటకి 80. సిటీలో అంత స్పీడ్ కుదరదు. కానీ టాప్ గేర్‌లో 80 దగ్గర ఇంజిన్ ఎంత తిరుగుతుందో, కింది గేర్‌లో తక్కువ స్పీడ్‌కే అంత తిప్పొచ్చు. గేర్ రేషియోలు కంపెనీ స్పెక్స్‌లో దొరుకుతాయి. నింజా 650 లెక్కే వేద్దాం: ఆరో గేర్ 0.852, మూడో గేర్ 1.333. 80ని 0.852తో గుణించి 1.333తో భాగిస్తే 51 వస్తుంది. అంటే మూడో గేర్‌లో 51 దగ్గర ఉన్న ఆర్‌పీఎమ్, ఆరో గేర్‌లో 80 దగ్గర ఉన్న ఆర్‌పీఎమ్ ఒకటే. మూడో గేర్‌లో 51 దగ్గర రెండు నిమిషాలు స్థిరంగా పట్టుకుని అరచేతులు, పాదాలు ఏం చెబుతున్నాయో వినండి. అద్దంలో వెనక కారు నంబర్ చదవగలుగుతున్నారా చూడండి. హైవే మీద ఇంజిన్ మీద గాలి లోడ్ ఎక్కువుంటుంది కాబట్టి అచ్చం అదే ఫీల్ రాదు, కానీ జివ్వుమనే రేంజ్ ఎక్కడుందో మాత్రం దొరికిపోతుంది. నేను ఎక్సెల్‌లో టేబుల్ వేసుకుని వెళ్లాను. తమ్ముడు నవ్వాడు, నవ్వనీ.

గాలి సంగతి అలా లెక్కతో తేలదు, నడపాల్సిందే. గాలి ఒత్తిడి స్పీడ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 40 నుంచి 80కి వెళ్తే రెండింతలు కాదు, నాలుగింతలు. విండ్‌స్క్రీన్ అంచు మీంచి లేచిన గాలి సుడి తిరుగుతూ సరిగ్గా హెల్మెట్‌కి తగిలితే తల కొట్టుకుంటుంది. కనిపెట్టడం సులువు. ఖాళీ రోడ్డు మీద స్థిరంగా వెళ్తూ తల రెండంగుళాలు కిందికి దించండి, తర్వాత నడుము కొంచెం నిటారుగా చేయండి. హోరు మారిపోతే తప్పు హెల్మెట్‌ది కాదు, స్క్రీన్ ఎత్తుది. కొన్ని బైకులకి స్క్రీన్ అడ్జస్ట్ అవుతుంది, లేకపోతే పెద్దది యాక్సెసరీగా దొరుకుతుంది. దాని ధర కూడా బైక్ ధరలోనే కలుపుకోండి.

మణికట్టు, తమ్ముడు, ఎండ

హైవే మీద ఛాతీకి తగిలే గాలి మన బరువుని కొంత మోస్తుంది. సిటీలో ఆ గాలి ఉండదు, బరువంతా మణికట్టు మీదే. అందుకే ఇలాంటి బైకులు చాలా వరకు 80 దగ్గర హాయిగా ఉండి, ట్రాఫిక్‌లో నొప్పి పుట్టిస్తాయి. మోకాళ్లతో ట్యాంక్‌ని పట్టుకుని, స్థిరంగా వెళ్తూ వేళ్లు ఒక్కొక్కటే వదులు చేసి చూడండి. వదలగలిగితే సరే. వదలగానే ముందుకి జారుతున్నారంటే మీరు హ్యాండిల్‌ని పట్టుకోవడం లేదు, దాని మీద వాలిపోయి ఉన్నారు.

నేను ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఇది పాస్ అయ్యాను. తమ్ముడు ఎక్కాక ఫెయిల్. వెనక సీటు నా సీటు కంటే చాలా ఎత్తు. బ్రేక్ వేసిన ప్రతిసారీ వాడి 70 కిలోలు నా వీపు మీదకి, అక్కణ్నుంచి నా మణికట్టులోకి. పదిహేను నిమిషాలకి వాడే అన్నాడు: "అన్నయ్యా, గోడ మీద కూర్చున్నట్టుంది. సూర్యాపేట దాకా కూడా నా వల్ల కాదు." గుంతల రోడ్డు మీద వెనక సస్పెన్షన్ రెండుసార్లు అడుగంటింది. ప్రీలోడ్ పెంచితే ఇది కొంత తగ్గుతుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. సీటు ఎత్తుకి మాత్రం అడ్జస్ట్‌మెంట్ లేదు.

ఇక వేడి. ఏప్రిల్ ఎండ, వరసగా నాలుగు సిగ్నళ్లు, ఫ్యాన్ ఆన్ అయింది, రేడియేటర్ గాలి నేరుగా కుడి కాలి మీదకి. పొద్దున ఎనిమిదిన్నరకి నడిపిన బైకూ ఇదీ ఒకటేనా అనిపించింది. రేడియేటర్ ఉన్న ఇంజిన్‌కి ఫ్యాన్ తిరుగుతుంది, అది తప్పేం కాదు. ఆ వేడి ఎటు వెళ్తుందన్నది ఫెయిరింగ్ డిజైన్‌ని బట్టి, మీ కాలు పొడవుని బట్టి మారుతుంది. అందుకే టెస్ట్ రైడ్ మిట్టమధ్యాహ్నమే చేయాలి.

బ్రేకులు, డిస్‌ప్లే త్వరగా అయిపోతాయి. వెనక ఎవరూ లేనప్పుడు 40 దగ్గర గట్టిగా ఆపి చూడండి, లివర్‌లో ఏబీఎస్ టకటక తెలియాలి. యూటర్న్‌లో హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు బొటనవేలు ట్యాంక్‌కి నలగకూడదు. ఫోన్ పెయిర్ చేసి, ఎండలో నావిగేషన్ బాణం కనిపిస్తోందా, గ్లవ్స్‌తో బటన్లు నొక్కగలుగుతున్నారా చూడండి. షోరూమ్ లైట్ల కింద అన్ని స్క్రీన్లూ బాగానే ఉంటాయి.

షోరూమ్ వాళ్లు ఎక్కువ టైమ్ ఇవ్వకపోతే అదే మోడల్ రెంట్‌కి దొరుకుతుందేమో వెతకండి. సెల్ఫ్ డ్రైవ్ అద్దె బళ్లకి నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలుంటాయి. ఒక రోజు అద్దె మీకు ఖరీదనిపిస్తే ఒక ఈఎమ్ఐతో పోల్చుకోండి.

అదే వారం మా టీమ్‌లో ఒకడు అదే బైక్ నడిపాడు. ఆరడుగులుంటాడు, పొడవు చేతులు, ఎప్పుడూ ఒక్కడే తిరుగుతాడు. కొనేశాడు, ఇప్పటికి రెండుసార్లు శ్రీశైలం వెళ్లొచ్చాడు, ఫుల్ హ్యాపీ. నేను ఇంకా కొనలేదు. వచ్చే బుధవారం పన్నెండింటికి ఇంకో షోరూమ్‌లో స్లాట్ ఉంది. సీసీ తక్కువ, హ్యాండిల్ కాస్త ఎత్తు, వెనక సీటు వెడల్పు. తమ్ముడు ఈసారి తనే ముందు వెనక సీటు మీద పావుగంట కూర్చుని చూస్తానన్నాడు.