ఆహారశుద్ధి – తీరిక లేని గృహస్థుడు

ఆహారము శుద్ధమైనచో అంతఃకరణము శుద్ధమగుననియు, దానివలన ఎడతెగని భగవత్స్మృతి కలుగుననియు ఛాందోగ్యోపనిషత్తు ఉపదేశించుచున్నది. ఈ ఉపదేశము ననుసరించి భగవద్రామానుజులు శ్రీభాష్యమున భక్తికి సాధనములుగా ఏడింటిని పేర్కొనిరి. అవి వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము అనునవి. ఇందు మొదటిదగు వివేకమునకు లోకవ్యవహారములోని అర్థము వేరు. ఇచట వివేకమనగా దోషము లేని అన్నముచేత దేహమును శుద్ధముగా నిలుపుకొనుట. అనగా భక్తిసోపానమునకు మొదటిమెట్టు వంటయింటిలోనే యున్నదని ఆచార్యుల హృదయము.

మెట్టు వంటయింటిలో నున్నది. కాని ఆ వంటయింట నిలుచుటకు నేడు తీరిక ఎవరికి కలదు? ఇదియే ప్రస్తుతము విచారింపవలసిన విషయము.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములు పూర్వము మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11 నుండి ఈ మూడును వేరువేరు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న గద్వాల ప్రాంతమునకు నడిగడ్డయని పేరు. పండితపోషణచేత అది విద్వద్గద్వాల అనియు ప్రసిద్ధి కెక్కినది. కోటలో చెన్నకేశవుడు, మల్దకల్లున తిమ్మప్ప, వనపర్తి సీమలోని శ్రీరంగాపురమున రంగనాయకుడు, కొల్లాపురము చెంత సింగోటమున లక్ష్మీనృసింహుడు, జటప్రోలున మదనగోపాలుడు – ఇన్ని రూపములతో స్వామి నెలకొనియున్న సీమ యిది. ఇట్టి సీమలో నేడు ఉదయము ఎనిమిది కాకమునుపే భర్త ఒక బస్సునకును, భార్య మరియొక బస్సునకును, పిల్లలు బడికిని పరుగెత్తు ఇండ్లు అనేకములు.

అట్టి యొక వైష్ణవగృహమును భావింతము. అత్తగారు, "నైవేద్యము కానిదే ఎవ్వరును ముట్టరాదమ్మా" యనును. కోడలు, "ఆఫీసుకు వేళ మించిపోవుచున్నది అత్తయ్యా" యనును. కొన్నియిండ్లలో ఈ వివాదము నియమమును విడుచుటతో ముగియును. ఇక ఏది దొరకిన అది, ఎచట దొరకిన అచట తినుటయే. మరికొన్నియిండ్లలో నియమము నిలుచును, కాని కోడలు పస్తుతో బస్సెక్కును. ఈ రెండును తప్పే. మొదటిదానిలో శుద్ధి పోయినది. రెండవదానిలో దయ పోయినది. ఏది నియమమునకు ప్రాణమో, ఏది ఆ ప్రాణమునకు తొడుగో తెలిసికొన్నచో ఈ వివాదమునకు తావుండదు.

మూడు దోషములు

అన్నమునకు సంభవించు దోషములు మూడని ఆచార్యులు నిర్ణయించిరి. వస్తువు యొక్క స్వభావముచేతనే కలుగునది జాతిదోషము. అన్నము ఎవరిదో వారినిబట్టి కలుగునది ఆశ్రయదోషము. కేశము, పురుగు, ఎంగిలి మున్నగునవి తగులుటచే కలుగునది నిమిత్తదోషము. ఈ మూడింటిలో ఏ ఒక్కటియు వంటకముల సంఖ్యను గూర్చి చెప్పుట లేదు. నాలుగు కూరలు, రెండు పచ్చళ్ళు లేనిదే నైవేద్యము కాదని ఎవ్వరును విధింపలేదు. తిరుమలలో గర్భాలయపు కులశేఖరపడి దాటి స్వామి సన్నిధికి చేరునది ఓటికుండలోని దద్దోజనమని ప్రసిద్ధి. బ్రహ్మాండనాయకునకు పెరుగన్నము చాలినపుడు గృహస్థుని పూజామందిరములోని స్వామికి అన్నము, పప్పు చాలవా?

కనుక తీరిక లేని యింటికి మొదటి పాఠమిది: వంటకములను తగ్గింపవచ్చును, శుద్ధిని తగ్గింపరాదు. కూరలు రాత్రియే కడిగి తరిగి యుంచుకొనవచ్చును. ఉదయము స్నానము కాగానే కుక్కరులో ఒక గిన్నెలో బియ్యము, వేరొక గిన్నెలో కందిపప్పు, పుంటికూర ఉంచినచో రెండును ఒకేమారు ఉడుకును. అవి ఉడుకునంతలో పచ్చిపులుసు సిద్ధమగును. దానికి పొయ్యితో పనిలేదు. చింతపండు రసము, ఉప్పు, బెల్లము, వేయించిన నువ్వులపొడి చాలును. ఉల్లిని వర్జించువారికి నువ్వులే రుచి నిచ్చును. ఈ సీమలో వేరుసెనగకు కొదువలేదు. పల్లీలపొడి వారమునకొకమారు కొట్టి యుంచుకొన్నచో పూటపూట పచ్చడి నూరు శ్రమ తప్పును. జొన్నరొట్టె ఒక్కొక్కటిగా తట్టవలసినది గాన దానిని సాయంకాలమునకు ఉంచుకొనుట మేలు. రుచి చూడకముందే గరిటెడన్నము, పప్పు వేరుగా తీసి, తులసీదళ ముంచి నివేదించుటకు రెండు నిముషములు పట్టును. ఆ రెండు నిముషములు లేని యిల్లు లేదు.

చద్ది విచారము

ఉదయము వండినది మధ్యాహ్నమునకు డబ్బాలో కట్టుకొని పోవచ్చునా యని కొందరు శంకింతురు. గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున, వండి యామము గడచినదానిని తామసాహారములలో చేర్చెను. యామమనగా మూడు గంటలు. అయితే ధర్మశాస్త్రము ఈ విషయమున మెలకువతో ప్రవర్తించినది. నేతితోనో నూనెతోనో కూడినది నిలువయున్నను, చెడనిదైనచో భుజింపవచ్చునని మనుస్మృతి యనుమతించినది. పాలతో చేసినవానికిని, పెరుగునకును, పెరుగుతో చేసినవానికిని ఇట్టి మినహాయింపే కలదు. యాత్రకు పులిహోర, దద్దోజనము కట్టుకొని పోవు ఆచారము ఈ మినహాయింపునకు సరిపోవుచున్నది.

నేటి వైద్యశాస్త్రము చెప్పునదియు దీనికి దూరము కాదు. వండిన పదార్థము 5 నుండి 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి నడుమ రెండు గంటలకు మించి యుండరాదని దాని మతము. ఆ వేడిమిలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగును. పాలమూరు వేసవిలో ఈ మాటను మరువరాదు. మిగిలినదానిని వెంటనే చల్లార్చి ఫ్రిజ్జులో నుంచి, పిదప పొగలు వచ్చునట్లు ఒక్కమారే వేడిచేసి తినవలెను. వాసన మారినదానిని పారవేయుటయే ధర్మము. అన్నము పరబ్రహ్మస్వరూపము గదా యని చెడినదానిని తిని, ఇంటివారిచే తినిపించుట భక్తి యనిపించుకొనదు. మిగులకుండ కొలతగా వండుటయే అన్నమునకు చేయు నిజమైన పూజ.

ఎవరు ముందు, ఎవరు వెనుక

గృహస్థుని యింట పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ అను ఐదును ప్రాణిహింసకు స్థానములని శాస్త్రము చెప్పినది. ఆ దోషము తొలగుటకే పంచమహాయజ్ఞములు విధింపబడినవి. దేవతలకును, పితరులకును, భూతములకును, అతిథులకును పెట్టి మిగిలినది తినువాడే దోషవిముక్తుడు. ఈ విధిని చూపి, ఇంటి యిల్లాలు అందరికంటె చివర, చల్లారినదియో అడుగంటినదియో తినుట ధర్మమని కొందరు తలంచిరి. ఇది పొరపాటు. కొత్తకోడండ్రకును, బాలికలకును, రోగులకును, గర్భిణులకును అతిథులకంటెను ముందే, ఆలోచింపక అన్నము పెట్టవలెనని మనువే శాసించెను. శేషమును భుజింపవలసినవారెవరనగా దంపతులని చెప్పెనే కాని, భార్య యొక్కతెయే యని చెప్పలేదు. తెలంగాణమున పదునైదేండ్లు మొదలు నలుబదితొమ్మిదేండ్ల లోపు స్త్రీలలో సగముకంటె ఎక్కువమంది రక్తహీనతతో నున్నారని 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము తేల్చినది. పసిబిడ్డతల్లియు, ఉద్యోగినియు అగు కోడలు నైవేద్యము కాగానే నాలుగు ముద్దలు తిని బయలుదేరినచో ధర్మము చెడదు. ఆమె పస్తుండినచో చెడును. అత్తగారు స్వయముగా ఆమెకు డబ్బా కట్టియిచ్చినచో అదియును ఆరాధనమే.

బయటి భోజనము

ఎంత జాగ్రత్తపడినను కొన్నిదినములు బయట తినక తప్పదు. ఉదయమున గద్వాల వీథులలో బొరుగుల ఉగ్గాని, దానితో మిరపకాయబజ్జీ. వనపర్తి, నాగర్‌కర్నూలు బస్టాండ్ల చెంత ఇడ్లీ, దోసె – ఇవి శ్రామికునకును, విద్యార్థికిని, యాత్రికునకును ఆధారములు. వీనిని నిందించుట వ్యర్థము. ఎంచుకొనుట నేర్వవలెను.

జాతిదోషమును అడిగి తెలిసికొనవచ్చును. ఉగ్గానిలో ఉల్లి సామాన్యము. వర్జించువారు ఇడ్లీ తినవచ్చును. జూరాల ఆనకట్టను చూడబోవువారికి వేయించిన చేపల దుకాణము లెదురగును. శాకాహారి అచట బజ్జీలు కొనునపుడు బాణలియు నూనెయు వేరా యని అడుగుటలో సిగ్గుపడ నక్కరలేదు.

నిమిత్తదోషమును కన్నులతో చూడవచ్చును. వంటవాని చేతులు, కడిగిన పళ్ళెములు, మూత వేసిన పాత్రలు చూడవలెను. మాటిమాటికి కాచుటచే నల్లబడి చిక్కబడిన నూనె విషప్రాయము. అట్టి నూనెలో ధ్రువపదార్థములు నూటికి 25 పాళ్ళు మించినచో వాడరాదను నిబంధన 2018 జూలై 1 నుండి అమలులోనున్నది. దుకాణమున 14 అంకెల ఆహారభద్రతా సంఖ్య కనబడవలెను. పొగలు కక్కుచు అప్పుడే దిగిన ఇడ్లీ, ఎప్పుడో చేసి పేర్చిన బజ్జీకంటె శ్రేష్ఠము.

ఇక ఆశ్రయదోషము. దీనిని పుట్టుకతో ముడిపెట్టి, ఫలానివారు వండినదని ముఖము త్రిప్పుకొనువారు కలరు. అట్టివారు రామానుజుల చరిత్రను స్మరింపవలెను. తిరుక్కచ్చినంబి బ్రాహ్మణేతర వర్ణమున జనించిన మహాభాగవతుడు. ఆయన భుజించిన శేషమును స్వీకరించి ధన్యుడను కావలెనని రామానుజులు ఆయనను విందునకు పిలిచిరి. రామానుజులు ఇంట లేని సమయమున నంబి వచ్చి భుజించి వెడలెను. రామానుజుల పత్ని విస్తరి తీసి పారవేసి, ఆ చోటు శుద్ధిచేసి, స్నానమాడి, మరల వంట చేసెను. తిరిగివచ్చిన రామానుజులు విషయము తెలిసి దుఃఖించిరని గురుపరంపర చెప్పుచున్నది. ఆశ్రయదోషమును శాస్త్రమునకు ఎక్కించిన ఆచార్యులే భాగవతుని విషయమున పుట్టుకను గణింపలేదు. శ్రీకృష్ణుడు హస్తినాపురమున దుర్యోధనుని విందును కాదని విదురుని యింట భుజించెను. దుర్యోధనుని వంటశాలలో శుచికి లోపమా? లోపము మనస్సులో నున్నది. కావున ఆశ్రయదోషమనగా అన్యాయార్జితమైన ధనము, వంచన, ప్రేమలేమి. కల్తీనూనెతో వండి లాభము గడించువాడు ఎవరైనను అతని అన్నము దుష్టమే. తెల్లవారుజామున లేచి, శుభ్రముగా వండి, తగిన వెలకు పెట్టి, ఆకలిగొన్న బిడ్డను ఊరకే పంపని స్త్రీ ఎవరైనను ఆమె చేతి అన్నము పవిత్రమే.

బయట కొన్నదానిని అర్చామూర్తికి నివేదింపకపోవచ్చును. కాని ప్రాణుల దేహములలో వైశ్వానరాగ్నియై చతుర్విధాన్నమును పచనము చేయువాడను తానేయని స్వామి చెప్పియున్నాడు. తొలిముద్దకు ముందు ఒక్కక్షణము ఆయనను స్మరించినచో బస్టాండు బల్లయు యజ్ఞవేదిక యగును. ఆలయముల అన్నప్రసాదము లభించుచోట దానిని మించిన బయటిభోజనము లేదు. తిరుమలలో 1985వ సంవత్సరమున ఆరంభమైన నిత్యాన్నదానమున ధనికుడును దరిద్రుడును ఒకే వరుసలో కూర్చుండి తినుట, రామానుజుల హృదయము కన్నులకు కట్టినట్లుండును.

పని, నియమము

పనివారికి నియమము పొసగదను మాటకు గద్వాల నేతగాండ్రే సమాధానము. తిరుమల బ్రహ్మోత్సవములలో స్వామికి సమర్పించు ఏరువాడ జోడుపంచెలు గద్వాల మగ్గములపై నేయబడును. సంస్థానాధీశుల కాలమునుండి వచ్చుచున్న ఈ కైంకర్యమున నేతగాండ్రు 41 దినములు నియమనిష్ఠలతో మగ్గమున కూర్చుందురు. పని మాని నియమము పట్టుట కాదు అది. పనియందే నియమము పట్టుట. తిరుమల కథలలోని కుమ్మరి కురువనంబియు కోవెలకు పోవ తీరిక లేక, చక్రము ముందే కూర్చుండి మట్టిపూవులతో అర్చించెను. తొండమానుడు సమర్పించిన బంగారుపూవులకంటె ఆ మట్టిపూవులే స్వామికి ప్రియములైనవి.

కావున గృహస్థుడు నిరాశ చెందరాదు. ఉదయము ఒక్క గరిటె నివేదనము. ఇంటిలో ఎవ్వరును పస్తుండకుండుట. నెలకు రెండు ఏకాదశులందు పాలు పండ్లతో వంటయింటికిని దేహమునకును విశ్రాంతి. బయట తినునపుడు చూచి, అడిగి, స్మరించి తినుట – ఈ నాలుగింటికి ఎంతటి తీరికలేనివానికైనను అవకాశము కలదు. ఇట్లు తిన్న అన్నమే ప్రసాదమగును. అట్టి ప్రసాదముచే పెరిగిన దేహమున శ్రీనివాసుడు తప్పక నివసించును.