దిగంబరత్వము – నిర్దోషత్వము: క్రైస్తవ వేదాంత దృష్టి

జార్జియా రాష్ట్రమందలి కమ్మింగ్ పరిసరములలో నేడు తెలుగు కుటుంబములు అనేకము నివసించుచున్నవి. చర్చిలు విస్తారముగా గల ఆ సీమలో మన పిల్లలు ఆదాము, హవ్వల కథను తోటి విద్యార్థుల నోట వినుట సహజము. "వస్త్రము లేకుండుట పాపమా?" అని వారు అడిగినచో, పెద్దలు ఆ కథలోని తత్త్వమెరిగి ఉత్తరమీయవలెను.

ఆదికాండము 2వ అధ్యాయమున తొలి దంపతులు వస్త్రహీనులై యున్నను సిగ్గెరుగరు. తెలుగు బైబిలు ఇచ్చట వాడిన మాట ‘దిగంబరులు’. దిక్కులే వస్త్రముగా గలవారని దీని అర్థము. శివునకును, జైన మునులకును చెల్లు పదమే ఇది. 3వ అధ్యాయమున వారు దైవాజ్ఞను మీరిరి. అప్పుడు మారినది శరీరము కాదు, చూపు. అంజూరపు ఆకులతో కచ్చడములు కుట్టుకొని, చెట్ల చాటున దాగిరి.

ఈ ఘట్టమును క్రైస్తవాచార్యులు పలువిధముల వ్యాఖ్యానించిరి. 2వ శతాబ్దివాడైన ఇరేనియస్ ఆ దంపతులను పసిబిడ్డలతో పోల్చెను. అగస్టీను (354–430) తన ‘దైవనగరము’ అను గ్రంథమున, దేవుడు సృజించిన దేహము మంచిదేననియు, దోషము సంకల్పమునందే కలదనియు బోధించెను. మనస్సు దేవునికి లోబడనందున దేహము మనస్సునకు లోబడలేదు. సిగ్గు అందుండి పుట్టినదని అతని భావము. 4వ శతాబ్దిలో యెరూషలేమున బాప్తిస్మము పొందువారు వస్త్రములు విడిచి నీటిలో దిగెడివారు. అది ఆదాము నిర్దోషత్వమునకు గుర్తు. అయినను, ఆదాము పేర నగ్నముగా ప్రార్థించు శాఖను ఆ శతాబ్దిలోనే ఎపిఫానియస్ ఖండించెను. వస్త్రము విడిచినంత మాత్రమున నిర్మలత్వము రాదు గదా!

కథ దండనతో ముగియలేదు. దేవుడే వారికి చర్మపు చొక్కాయిలు తొడిగించెను. తప్పు చేసినవారిని సహితము ఎగతాళికి విడువక కప్పుట ఇందలి కరుణ. వస్త్రహీనునికి వస్త్రమిచ్చినవాడు తనకే ఇచ్చినట్లని క్రీస్తు చెప్పినట్లు మత్తయి సువార్త 25వ అధ్యాయము తెలుపుచున్నది.

ఈ విషయము మన వంశములకు దూరమైనది కాదు. 1860 – 1911 నడుమ మద్రాసు నుండి నేటాలు చేరిన ఒప్పంద కూలీలలో తెలుగువారును గలరు. వారిలోని బాప్తిస్టుల సేవకై 1903లో నెల్లూరు సీమనుండి జాన్ రంగయ్య అచ్చటికి వెళ్లెను. కచ్చడమనగా గోచియే. పాత ఛాయాచిత్రములలో గోచి కట్టిన తాతలను జూచి తల దించుకొనుట తగదు. ఆదాము కచ్చడము తప్పును దాచుటకు కుట్టినది. తాతల గోచి చెమటోడ్చి బిడ్డలను పోషించుటకు బిగించినది. మనుష్యుని సరుకుగా చూచిన కన్నే సిగ్గుపడవలెను.

అభ్యాసము:
1. ఆజ్ఞ మీరిన పిమ్మట మారినది దేహమా, చూపా?
2. ఆకుల కచ్చడమునకును, దేవుడు తొడిగిన చొక్కాయికిని భేదమేమి?
3. మీ యింటి పాత ఛాయాచిత్రములలోని వస్త్రములను గూర్చి పెద్దలనడిగి వ్రాయుడు.