అలంకారము – జీవహింస

లేపనములు కంటికి హానిచేయునో లేదో ఎరుగుటకై 1944లో అమెరికాలో జాన్ డ్రేజ్, ఆయన సహచరులు ఒక పరీక్షావిధానమును ప్రకటించిరి. కుందేలును కదలనీయక బంధించి, దాని కంటిలో ఆ పదార్థమును వేసి, ఎరుపు, వాపు, పుండు ఎంతవరకు వచ్చునో దినముల తరబడి గుర్తింతురు. కుందేటికి కన్నీరు తక్కువ. వేసినది త్వరగా కడుగుకొనిపోదు. ఆ దౌర్బల్యమే దానిని ఈ పనికి తెచ్చినది!

రోగము మాన్పు మందు విషయమున వాదమునకు తావు కలదు. పెదవిరంగునకు ఏమి తావు? బలికి తెచ్చిన మేకను గూర్చి వచనమున జాలిపడిన బసవేశ్వరుడు అద్దము ముందటి ఈ బలిని ఒప్పునా? ఇష్టలింగమును పూజించు చేతులతోనే గదా భక్తుడు ముఖమునకు లేపనము పూసికొనుట. (విభూతికై ఏ కుందేటి కన్నును చెడనక్కరలేదు.)

భారతదేశమున 2014లో ఈ పరీక్షలును, అట్లు పరీక్షింపబడిన అలంకారద్రవ్యముల దిగుమతియు నిషేధింపబడెను. విదేశమునుండి బంధువులు కానుకగా తెచ్చు సీసా ఎట్లు పరీక్షింపబడినదో అడుగవలసినవారు మాత్రము ఇంటివారే.