అడుగున ఒక్క థర్మామీటర్

స్మార్ట్ సిటీ అంటే ఏంటి అని మా క్లాసులో ఎవర్ని అడిగినా వైఫై, కెమెరాలు, యాప్ అంటారు. నేనూ అంతే. సెన్సార్లు పెట్టి డేటా పంపిస్తే నగరం స్మార్ట్ అయిపోతుందనుకునేవాణ్ణి. అసలు ఆ సెన్సార్ ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్న విశాఖపట్నం గురించి చదివేదాకా నాకు తట్టలేదు.

స్మార్ట్ సిటీస్ మిషన్ 2015 జూన్ 25న మొదలైంది. మొత్తం 100 నగరాలు. ఒక్కో నగరానికి ఐదేళ్లలో కేంద్రం సుమారు 500 కోట్లు, రాష్ట్రం కూడా అంతే ఇవ్వాలన్నది అప్పటి ప్లాన్. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి 20 పేర్లలో విశాఖ, కాకినాడ ఉన్నాయి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. దేశమంతటా ఈ డబ్బులో ఎక్కువ భాగం నగరం మొత్తానికి కాదు, ఎంచుకున్న ఒక ప్రాంతానికే. విశాఖ ఎంచుకున్నది ఆర్కే బీచ్ వైపు.

కానీ విశాఖని పెద్ద ఊరు చేసింది బీచ్ కాదు కదా! 1933లో పోర్టు, 1941లో షిప్‌యార్డ్, 1957లో రిఫైనరీ, ఆ తర్వాత స్టీల్ ప్లాంట్. 1961లో ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఒక పాలిమర్స్ ఫ్యాక్టరీ కూడా వచ్చింది. అప్పట్లో అది ఊరి బయట. తర్వాత ఊరే దాని దగ్గరికి నడిచొచ్చింది. పని దొరికే చోటికి జనం వస్తారు, అద్దె తక్కువున్న చోట ఇల్లు తీసుకుంటారు. 1984లో భోపాల్‌లో కూడా ఫ్యాక్టరీ గోడ పక్కనే బస్తీలు ఉన్నాయి.

2020 మే 7, తెల్లవారుజాము. లాక్‌డౌన్ వల్ల వెంకటాపురం ఫ్యాక్టరీ (అప్పటికి ఎల్‌జీ పాలిమర్స్) ఆగిపోయి ఉంది. ట్యాంకులో స్టైరీన్ మాత్రం అలాగే ఉంది. స్టైరీన్‌కి ఒక గుణం ఉంది: ఊరికే వదిలేస్తే తనలో తానే గొలుసులా అతుక్కుంటుంది. అతుక్కుంటే వేడి పుడుతుంది, వేడి పెరిగితే ఇంకా వేగంగా అతుక్కుంటుంది. మన భాషలో చెప్పాలంటే ఎగ్జిట్ కండిషన్ లేని లూప్. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, ఆ చర్యని ఆపే రసాయనం కలుపుతూ ఉండాలి.

ఆ రాత్రి గ్యాస్ బయటికొచ్చి 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదికలో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచింది అడుగున మాత్రమే. వేడెక్కిన ద్రవం పైకి పోతుందని ఏడో క్లాసు పిల్లాడికి కూడా తెలుసు. అంటే పైన ఉడికిపోతుంటే, కింద రీడింగ్ మామూలుగానే కనిపిస్తుంది. సెన్సార్ ఉంది, డేటా కూడా తప్పు కాదు. పెట్టిన చోటే తప్పు. ఇంకోటి, 36 చోట్ల నుంచి సైరన్ మోగించే వీలున్నా అది మోగలేదట. నిద్రలో ఉన్నవాళ్లని లేపింది వాసనా, పక్కింటోళ్ల అరుపులే.

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. వాట్సాప్‌లో వీడియోలు చూసి ఫోన్ పక్కన పెట్టేశాను.

ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి మా బ్యాచ్ 'స్మార్ట్ పార్కింగ్' అని రాసిచ్చేసింది. నీళ్ల డ్రమ్ములో మూడు ఎత్తుల్లో మూడు సెన్సార్లు పెట్టి, పైకీ కిందకీ ఎంత తేడా వస్తుందో చూద్దాం అంటున్నాను. ఒక్కోటి రెండొందల లోపే. సార్ ఒప్పుకుంటే వచ్చే సంచికలో రీడింగులు వేస్తాను.