"నాతోని కాదు" అనిపించినప్పుడు

ఈ నెల పాఠం కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లల కోసం, వారి తల్లిదండ్రుల కోసం.

గుండె దడ అని ఓపీకి వచ్చే యువతీ యువకులలో కొందరికి ఈసీజీ బాగానే ఉంటుంది, రక్తం సరిపడా ఉంటుంది, థైరాయిడ్ పరీక్షలోనూ ఏమీ తేలదు. నెమ్మదిగా అడిగితే, "సోమవారం డ్యూటీలో చేరాలి" అంటారు.

గద్వాల దగ్గరి పల్లె నుండి వచ్చిన ఒక అమ్మాయి సంగతి ఇలాంటిదే. చేనేత కుటుంబం. నెలజీతం ఉద్యోగం ఆ ఇంట్లో ఆమెదే మొదటిది. నర్సింగ్ పాసై పట్నంలో చేరి, నాలుగో రోజుకే తిరిగి వచ్చేసింది. "నాతోని కాదు మేడమ్. నాకేం రాదు. నా వల్ల ఎవరి ప్రాణం మీదికన్నా వస్తే?" అన్నది. "ఏమీ లేదమ్మా, ధైర్యంగా ఉండు" అని పంపించాము. అది మా పొరపాటు. ధైర్యంగా ఉండమన్నంత మాత్రాన ధైర్యం వస్తుందా? వారం తిరగకముందే మళ్లీ వచ్చింది. అప్పటికి సరిగా అన్నం తినడం కూడా మానేసింది.

భయం వేసినప్పుడు మూత్రపిండాల పైన ఉండే చిన్న గ్రంథులు అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. అందుకే గుండె వేగంగా కొట్టుకుంటుంది, చేతులు చెమర్చుతాయి, కడుపులో తిప్పుతుంది. కుక్క వెంటపడినా ఇదే జరుగుతుంది. కాబట్టి దడ పుట్టడం పని చేతకాదనడానికి రుజువు కాదు. అయితే పని వదిలి ఇంటికి వచ్చిన రోజు దడ తగ్గి ఎంతో హాయిగా ఉంటుంది. మోసం అక్కడే ఉంది. తప్పించుకున్న కొద్దీ మరుసటిసారి భయం ఇంకా పెద్దదవుతుంది.

ఇది చదువు తక్కువ వారికే వచ్చేదని అనుకోవద్దు. పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికా మానసిక శాస్త్రవేత్తలు 1978లో ఒక వ్యాసం రాశారు. బాగా చదివి పేరు తెచ్చుకున్న స్త్రీలలోనే ఎందరో, తమకు నిజంగా తెలివి లేదనీ, ఎప్పుడో బయటపడిపోతామనీ భయపడుతున్నారని అందులో చెప్పారు.

మరి ఏమి చేయాలి? మన ప్రాంతం వారికి సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు కొత్త కాదు. గద్వాల ప్రాంతంలో 1896లో పుట్టారు, 1926లో గోల్కొండ పత్రిక స్థాపించారు, 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాసినప్పుడు ఆయన కోపగించుకుని ఊరుకోలేదు. ఊరూరి నుండి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోల్కొండ కవుల సంచిక అచ్చు వేశారు. "ఏమీ లేదు" అన్న మాటకు లెక్క చూపించారు.

ఆ అమ్మాయికి మేము ఒక నోటుపుస్తకం ఇచ్చి అదే చేయమన్నాము. ఒక పక్క వచ్చిన పనులు, రెండో పక్క రాని పనులు. రెండో పక్క తప్పనిసరి, ఎందుకంటే ఉత్త పొగడ్తను మనసు నమ్మదు. బీపీ చూడడం, ఇంజెక్షన్లు, సెలైన్ పెట్టడం, కుట్లకు డ్రెస్సింగ్, కాన్పులలో సాయం అంటూ మొదటి పేజీ నిండిపోయింది. రాని పనులు మూడే తేలాయి: పసిపిల్లలకు నరం దొరికించడం, వెంటిలేటర్ చూసుకోవడం, పెద్ద డాక్టరుకు రాత్రి ఫోన్‌లో రోగి పరిస్థితి చెప్పడం. మూడోదే అన్నిటికన్నా భయమట! "నాకేం రాదు" అన్న కొండ మూడు పనులైంది. పని నేర్చుకోవచ్చు.

ఎలా నేర్చుకోవాలో ఆమెకు ఇంట్లోనే తెలుసు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ కలిపి నేయడానికి మగ్గం దగ్గర పక్కన ఇంకొకరు కావాలి. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చునేది తానేనని చెప్పింది. పోగు తెగితే ఆయన తిట్టకుండా ఆగి, అతికి, మళ్లీ మొదలుపెట్టేవాడట. అందుకే మరో ఆస్పత్రిలో చేరేటప్పుడు, మొదటి నెల రాత్రి డ్యూటీ ఒక పెద్ద సిస్టర్‌తో కలిపి వేయమని ఆమే అడిగింది. వేశారు. అడగడానికి రెండు రోజులు వెనకాడిందట. దడ ఇంకా వస్తూనే ఉంది, డ్యూటీ మాత్రం మానలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. "ఇంత ఖర్చు పెట్టి చదివిస్తే" అని ఆ సమయంలో అనకండి. ఖర్చు సంగతి బిడ్డకు తెలుసు, సగం భయం అదే. "ఇయ్యాల ఏం పని చేసినవు బిడ్డా?" అని అడగండి.

అన్ని భయాలూ ఇలా తగ్గవు. రెండు వారాలు దాటినా నిద్ర లేకపోయినా, తిండి మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా డాక్టరు దగ్గరకు తీసుకురండి. చావాలని ఉందని ఒక్కసారి అన్నా సరే, అదే రోజు తీసుకురండి, ఒంటరిగా వదలకండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. డబ్బులు అక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రి అయినా చేయవచ్చు.